ఆరినాక చెప్పు

దుబాయ్‌లో ఏం పని చేశావని అడిగినవాళ్ళకు ఇళ్ళ కప్పులు కడిగానని చెబుతాను. చాలామంది నవ్వుతారు. వాన పడని దేశంలో కప్పుకు మకిలెక్కడిదని వాళ్ళ అనుమానం. వాళ్ళతో వాదించే ఓపిక నాకిప్పుడు లేదు. నిజానికి అప్పుడూ లేదు.

మెట్రో కొత్తగా తిరగడం మొదలైన ఏడాది నేనక్కడ దిగాను. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గది, గదిలో ఎనిమిది మంచాలు. మా కంపెనీ పని విల్లాల బయటి భాగాలు కడగడం. గోడలు, గచ్చు, పెంకులు, ఏది మురికైతే అది. అన్నింట్లోకీ ప్రాణం తీసేది షింగిల్ కప్పు. తారు అట్టల మీద సన్నటి రాతిరవ్వ అద్ది, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరిచి మేకులు కొడతారు. ఆ దేశంలో అలాంటి ఇళ్ళు తక్కువే. ఎవరో తెల్లవాళ్ళు తమ ఊళ్ళో ఇంటి మీద బెంగతో కట్టించుకున్నవి, వాళ్ళను చూసి మరికొందరు కట్టించుకున్నవి. సముద్రం దగ్గర ఉక్కకీ, చలికాలం పొద్దున కురిసే మంచుకీ, నీడ పడే వైపు నల్లటి చారలు దిగుతాయి. ఇంటి ముందు నిలబడి చూస్తే ఎవరో పైనుంచి సిరా ఒంపినట్టుంటుంది.

దాన్ని నీళ్ళు జోరుగా చిమ్మే ప్రెషర్ గన్‌తో కొట్టకూడదు. కొడితే రవ్వంతా ఊడి నీళ్ళతో పాటు కిందికొస్తుంది. చిన్న పంపుతో క్లోరిన్ కలిపిన నీళ్ళు చల్లాలి. దాన్ని మేం మందు అనేవాళ్ళం. మందు కొట్టి, పావుగంట ఆగి, మెల్లగా నీళ్ళు వదలాలి. ఎండాకాలమైతే తొమ్మిది గంటలకే తారు మెత్తబడి బూటు అచ్చులు పడతాయి. అందుకని వెలుగొచ్చీరాగానే పైకెక్కి, ఎండ ముదిరేలోగా దిగిపోవాలి. అంటే మేం మూడున్నరకే లేవాలి. ఏడేళ్ళపాటు నాకు నిద్ర చాలిన రోజు ఒక్కటీ గుర్తులేదు.

ఈ పనికి ఇద్దరు కావాలి. పైన ఒకడు, కింద ఒకడు. ఎందుకంటే మరక పైనున్నవాడికి కనిపించదు. షింగిల్ మీద నిలబడితే పాదాల కింద నలుపూ బూడిదా కలిసిన రవ్వ తప్ప ఏమీ తెలియదు. చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వీధిలో నిలబడ్డవాడే చెప్పాలి. ఇంకో చిక్కుంది. తడిసిన షింగిల్ అంతా ఒకే నలుపు. మరక పోయిందో లేదో ఆరితేగానీ తెలియదు.

పైనుండేది గదిలో అందరం చాచా అని పిలిచే పెద్దాయన. కడప వైపు మనిషి, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను రాకముందు పదేళ్ళ నుంచీ ఆ కప్పుల మీదే ఉన్నాడు. నాది గోదావరి జిల్లా. మొదటి నెలంతా ఆయన మాట నాకు, నా మాట ఆయనకు వింతగా ఉండేవి. ఆయన నాకు మొట్టమొదట నేర్పింది ఒకటే. నేను తడి కప్పు చూసి, "పోయింది చాచా, దిగిపోండి" అన్నాను. ఆయన రెండు వాలులూ కలిసే కొన మీద గొంతుక్కూర్చుని, "తడి మీద చెప్పొద్దబ్బీ. ఆరినాక చెప్పు" అన్నాడు. ఆరేదాకా ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత ప్రతి కప్పుకూ అంతే. నేను లోపల్లోపల తిట్టుకుంటూ పికప్ బానెట్‌కు ఆనుకుని నిలబడేవాణ్ణి. ఆరాక రెండు మూడు చోట్ల చార మిగిలి ఉండేది కూడా. మళ్ళీ మందు, మళ్ళీ పావుగంట. పనయ్యాక నా ఫోన్‌తో కప్పు ఫోటో తీయించి తన ఫోన్‌కు పంపించుకునేవాడు. ఎందుకని అడిగితే, "మనం చేసిన పని మనకాడ ఉండొద్దా?" అనేవాడు.

నాలుగో ఏడు అనుకుంటాను, ఒకరోజు పికప్‌లో టీ గ్లాసు అందించబోతే చాచా చెయ్యి గ్లాసుకు జానెడు పక్కకు వెళ్ళింది. నవ్వి సర్దుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ వారమంతా కనిపెట్టి చూశాను. నిచ్చెన మెట్లు పాదంతో తడుముకుంటున్నాడు. అన్నంలో కూర ఎటుందో వేళ్ళతో వెతుక్కుంటున్నాడు. నిలదీస్తే ఒప్పుకున్నాడు.

"రెండు కండ్లలోనూ పొర పడినాదంట. డాక్టరు చెప్పినాడు. ఆపరేషన్ చేస్తే పోతాదంట."

"మరింకేంటండీ? లీవు పెట్టి వెళ్ళి చేయించుకోండి."

"లీవు అడిగితే ఎందుకంటాడు. కండ్లు అంటే ముదీర్ ఏమంటాడో నీకు తెల్దా? ఖలాస్ అంటాడు. కండ్లు లేనోణ్ణి కప్పు ఎక్కించేదెవరు? పైన నాకు కండ్లతో పనేముండాది చెప్పు. చూసేది నువ్వే గదా."

ముదీర్ అంటే మా మేనేజరు, ఆయన ఖలాస్ అంటే ఉద్యోగం పోయినట్టే. చాచా అన్నది నిజమే మరి, పైనున్నవాడికి మరక ఎలాగూ కనిపించదు. నన్ను పైకెక్కించి తను కింద ఉందామంటే అక్కడే కళ్ళు కావాలి. అలా ఆయన గుడ్డితనానికి సరిగ్గా సరిపోయే చోటు ఇంటి కొన ఒక్కటే అయింది. నడుముకు తాడు కట్టుకుని, ఆ తాడును కప్పు కొన మీదుగా అవతలికి వేసి పికప్‌కు ముడేసేవాళ్ళం. మిగతాదంతా నా నోరు.

మొదట్లో కుడి, ఎడమ అని చెప్పేవాణ్ణి. దిగేటప్పుడు ఆయన ఇటు తిరిగితే కుడి ఎడమయ్యేది, ఇద్దరం తికమకపడేవాళ్ళం. అప్పుడు చాచాయే ఒక దారి చెప్పాడు. కిబ్లా వైపు, అంటే నమాజుకు తిరిగే మక్కా దిక్కు; సముద్రం వైపు, గేటు వైపు. మనిషి ఎటు తిరిగినా అవి తిరగవు. రోజుకు అయిదుసార్లు కిబ్లాకు మొహం పెట్టే మనిషికి అది ఒంట్లో ఉంటుంది. నాకుండదు. కొత్త విల్లాకు వెళ్ళగానే ముందు వాచ్‌మన్‌ను కిబ్లా ఎటని అడిగేవాణ్ణి. నమాజు చెయ్యనివాడికి అదెందుకని వాళ్ళు వింతగా చూసేవాళ్ళు.

ఒక ఏడాది పైనే అలా నడిపాం. ఊరికే నిలబడి కేకలెయ్యడమే కదా అనుకుంటారు. ఇద్దరు మనుషుల కళ్ళు ఒక్కడే మోస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయన అడుగు వేస్తే నా గుండె ఆగేది, అడుగు ఆనితే మళ్ళీ కొట్టుకునేది. గదికొచ్చి పడుకున్నా, కళ్ళు మూస్తే నిచ్చెన కనిపించేది. చాచా పక్క మంచం మీద హాయిగా గురక పెట్టేవాడు. ఆ గురక మీద కూడా కోపమొచ్చేది.

ఊరి లోపలి వైపు వంకర టింకర రోడ్ల కాలనీలో ఒక ఇల్లు పడింది. ఆ రోజు వాచ్‌మన్ లేడు. మసీదు కనిపించలేదు. నేనే ఊహించి ఒక వైపు కిబ్లా అనుకున్నాను. పని ముగిసింది, ఆయన దిగాలి. "నిచ్చెన యాడుందబ్బీ?" అన్నాడు. "కిబ్లా వైపు రెండడుగులు" అన్నాను. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు చూరు అంచున ఉన్న నీళ్ళ కాలవలో పడింది. రేకు వంగిన చప్పుడు విన్నాను. తాడు బిగుసుకుంది. చాచా అక్కడే చతికిలబడ్డాడు. ఆయనే పైనుంచి తాపీగా అన్నాడు.

"పొద్దున ఎండ మొహాన కొడతాంటే అది కిబ్లా ఎట్లయితాదబ్బీ?"

మక్కా ఆ ఊరికి పడమర; నేను కిబ్లా అన్నది తూర్పు, ఆయన అడుగేసింది అసలు కిబ్లా వైపు. ఆయన దిగాక నేను గోడవారన కూర్చుండిపోయాను. భయం తగ్గేసరికి కోపం మిగిలింది.

"నావల్ల కాదు చాచా. మీరు వెళ్ళి ముదీర్‌కు చెప్తారా, నన్ను చెప్పమంటారా? మీకేమైనా అయితే మీ ఇంట్లోవాళ్ళకి నేనేం చెప్పాలండీ?"

ఆయన చాలాసేపు గ్లౌజులు విప్పుతూ తొడుగుతూ ఉన్నాడు. చివరికి, "జుమేరా ఇల్లు ఒప్పుకున్నాం గదా. ఆ ఒక్కటీ కానీ. అది చేసి నేనే చెప్తా" అన్నాడు.

జుమేరాలో ఆ పాత విల్లాకు సముద్రం వైపు పెద్ద వేపచెట్టు. దాని నీడ పడే వాలంతా నల్లబడి ఉంది. ఆగస్టు నెల. ఆరింటికే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చాచా ఆ రోజు ఏ తొందరా లేకుండా, ఇల్లాలు గోడకు సున్నం వేసినంత శ్రద్ధగా మందు కొట్టాడు. తన చివరి కప్పని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నీళ్ళు వదిలాక ఎప్పటిలాగే కొన మీద కూర్చుని అరిచాడు.

"పోయిందా అబ్బీ?"

ఎనిమిది దాటింది. ఇంకాసేపు ఉంటే తారు మెత్తబడుతుంది. ఏడాదిగా మోసింది ఆ క్షణం దించేసుకోవాలనిపించింది. కప్పు ఇంకా తడిగానే ఉంది.

"పోయింది చాచా. దిగండి."

"ఆరినాదా?"

"ఆరింది."

ఒక్కొక్క మెట్టూ చెబుతూ దింపాను. చివరి మెట్టు దిగాక ఆయన నిచ్చెనను ఒకసారి చేత్తో నిమిరాడు. నేను పైపులు చుట్టి పికప్‌లో వేసేసరికి కప్పు ఆరింది. వేపచెట్టు నీడ దగ్గర రెండు చారలు, అరచెయ్యంత వెడల్పున, చూరు దాకా దిగి ఉన్నాయి. చూశాను. మళ్ళీ నిచ్చెన వేసి ఆయన్ను ఎక్కించే ధైర్యం నాకు లేదు. నేనెక్కితే కింద చూసేవాడు లేడు. ఇంటివాళ్ళు సెలవులకు వెళ్ళారు, వచ్చేది సెప్టెంబరులో.

"ఫోటో తీయి" అన్నాడు చాచా.

తీశాను. ఫోటోలో ఆ రెండు చారలూ ఇంకా బాగా కనిపించాయి. ఫోన్ ఆయన మొహం ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది" అన్నాడు. ఆయన చెప్పినట్టే పంపించాను. ఆయనకు కనిపించదన్న ధైర్యంతోనే పంపించాను. ఇంతకంటే చిన్నతనం నా బతుకులో ఇంకోటి లేదు.

ముదీర్ ఆయన అనుకున్నట్టే ఖలాస్ అన్నాడు. పదిరోజుల్లో వీసా రద్దయింది. ఎయిర్‌పోర్టులో నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు మధ్యలో ఫోన్ వచ్చింది. గొంతులో హుషారు.

"ఒక కన్ను అయిపోయినాదబ్బీ! గంట కూడా పట్టలే. గోడ మీద బల్లి కూడా కనపడతాంది. పొద్దున్నించి ఫోటోలే చూస్తాండా. మనం చేసిన కప్పులన్నీ."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆ జుమేరా ఇంట్లో, యాప చెట్టు నీడకాడ రెండు చారలు నిలిచిపోయినాయి చూసినావా? నా చెయ్యే తప్పినట్టుండాది. కండ్లు లేక మందు పడలేదో ఏమో. ఆఖరి కప్పు. మనసు ఒప్పుకోలేదబ్బీ."

చెప్పాలనుకున్నాను. "చూస్తాను చాచా" అని మాత్రం అన్నాను.

శుక్రవారం సెలవు. పికప్ అడిగి తీసుకుని ఒక్కణ్ణే జుమేరా వెళ్ళాను. ఇంటివాళ్ళు ఇంకా రాలేదు. వాచ్‌మన్ గేటు తీశాడు. తాడు కట్టుకుని పైకెక్కాను. అన్నేళ్ళుగా చూస్తున్న కప్పు, పైనుంచి చూడటం అదే మొదటిసారి. నలుపూ బూడిదా కలిసిన రవ్వ, అంతే. కింది నుంచి అంత స్పష్టంగా ఉన్న చారలు ఎక్కడున్నాయో తెలియలేదు. నాకు రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి. "ఎటు?" అని అరిస్తే చెప్పడానికి కింద ఎవరూ లేరు. దిగి చూసి, గుర్తుపెట్టుకుని, మళ్ళీ ఎక్కాను. మందు పక్కన పడింది. మళ్ళీ దిగాను. ఆరుసార్లు ఎక్కి దిగేసరికి ఒళ్ళు హూనమైంది. ఆ ఏడాదంతా ఆయన నా గొంతు ఒక్కటి పట్టుకుని ఇక్కడ తిరిగాడని అప్పుడు అర్థమైంది. ఆ గొంతుతోనే అబద్ధం చెప్పాను. కొన మీద కూర్చుని ఏడ్చాను.

నీళ్ళు వదిలి కిందికొచ్చి, వేపచెట్టు కింద కూర్చున్నాను. అరగంట కదల్లేదు. కప్పు చివరి తడి దాకా ఆరి బూడిద రంగుకొచ్చింది. చార లేదు. ఫోటో తీసి పంపించాను. రెండు నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశాడు.

"చాచా, ఆ రోజు నేను మీకు..."

నన్ను ముగించనివ్వలేదు. గొంతులో కోపం లేదు. కొన మీద కూర్చుని అడిగినట్టే అడిగాడు.

"ఆరినాక తీసినావా అబ్బీ?"

"ఆరాకే చాచా" అన్నాను.