రెండు రింగుల ఫోన్

బోధన్‌లో మా ఆఫీసు. వరికోత మిషన్లు కిరాయికిస్తాం. తీగ లైన్లు ఇక నడపలేమని ఫోన్ కంపెనీ చెప్పినప్పుడు మా ఓనరు ఒకటే మాట పట్టుకున్నాడు: నంబరు మారొద్దు, బల్ల మీది పాత ఫోనూ మారొద్దు. ఆఫీసులో కంప్యూటర్ల సంగతి చూసేది నేనొక్కణ్నే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. నిజామాబాద్ నుంచి ఒక చిన్న డబ్బా తెప్పించాను. దానికి ఒక పక్క ఇంటర్నెట్ వైరు, ఇంకో పక్క ఫోన్ వైరు తగిలిస్తే పాత ఫోనే ఇంటర్నెట్ మీద మోగుతుంది.

పొద్దంతా దానితో కుస్తీ పట్టాను. డబ్బాను రౌటర్ గుర్తుపట్టదు. గుర్తుపడితే పాస్‌వర్డ్ ఒప్పుకోదు. చివరికి పచ్చలైటు వెలిగింది. పక్క గదిలోంచి నా సెల్లుతో చేస్తే గల్లుమని మోగింది. ఓనరు ఎత్తి హలో అంటే, గొంతు పాత లైన్ కంటే తేటగా ఉంది. ఆ రోజు నా కాలు నేల మీద నిలవలేదు.

తర్వాతి వారం ఓనరు ముటముటలాడుతూ వచ్చాడు.

"ఫోన్ మోగుతలేదు."

"ఇప్పుడే రైతుతోని మాట్లాడిన సార్."

"గది గాదు. మా అన్నది మోగుతలేదు."

వాళ్ల కథ ఇక్కడ చెప్పాలి. భూమి పంచుకున్న నాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. పొలానికి గట్టు వేసుకున్నారు గానీ బోరుకు వేయలేకపోయారు. అది ఒక్కటే, నీళ్లు వంతులవారీగా. పొలం దగ్గరే ఉండే అన్న, తన మడి తడవగానే ఆఫీసుకు ఫోన్ చేసి రెండు రింగులకు పెట్టేస్తాడు. ఎవరూ ఎత్తకూడదు. తమ్ముడు మనిషిని పంపి నీళ్లు తన మడికి తిప్పించుకుంటాడు. సెల్లుకు చేయొచ్చు కదా అని ఒకసారి అడిగాను. సెల్లుకు చేస్తే తమ్ముడికి చేసినట్టట, ఆఫీసుకు చేస్తే ఆఫీసుకు చేసినట్టట.

ఇప్పుడు పిలుపు ఇంటర్నెట్ అంతా చుట్టి మా దగ్గర మోగేలోపే ఆయనకు అక్కడ రెండు రింగులు వినబడేవి, పెట్టేసేవాడు. నీళ్లు ఆయన మడి నిండి, పొర్లి, బాట మీద పారుతున్నాయి. తమ్ముడి వరి పొట్టకొచ్చి ఎండుతోంది. కావాలనే చెప్పడం లేదని తమ్ముడు, కావాలనే నీళ్లు పాడు చేస్తున్నాడని అన్న. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సెట్టింగులన్నీ వెతికాను, ఏ మూలా దారి దొరకలేదు.

బండేసుకుని అన్న దగ్గరికి పోయాను.

"మీరు చేస్తనే ఉన్నరు, మాకే మోగుతలేదు. తప్పు మా డబ్బాది. ఇగ నుంచి ఐదారు రింగులు పోనియ్యుండ్రి."

"గన్ని మోగితే ఎవడో ఒగడు ఎత్తుతడు," అన్నాడాయన.

"ఎత్తనియ్యుండ్రి."

"ఎత్తితే మాట్లాడాలె గద."

తిరిగొచ్చి చెప్తే ఓనరు కూడా "మోగనీ, ఎవ్వలు ముట్టొద్దు" అన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మధ్యలో నాకూ కోపమే వచ్చింది గానీ అది అడిగేవాళ్లు లేరు.

ఎవరూ ఎత్తరని అన్నకు కబురు పంపాను. తర్వాతి వంతు నాడు ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. అన్న లెక్క మరిచాడో, మా డబ్బా మీద నమ్మకం లేకనో, పెట్టడం లేదు. ఓనరు దాన్నే చూస్తూ కూచున్నాడు. నేను కంప్యూటర్లో తల దూర్చాను. చివరికి ఎత్తి చెవికి పెట్టుకున్నాడు, హలో కూడా అనలేదు. మోటారు హోరులో అన్న గట్టిగా అరిచినట్టున్నాడు, మాట నా బల్ల దాకా వచ్చింది.

"నీళ్లు ఇడిసిన."

"మంచిది," అన్నాడు ఓనరు. "తిన్నవా అన్నా?"

మనిషిని పొలానికి నేనే పంపాను.

ఆ తర్వాత పెద్ద వాన పడింది. రెండు మళ్లూ నిండాయి, బోరు బంద్ పెట్టారు, వంతుల మాటే లేదు. పొద్దున ఫోన్ మోగితే ఎవరో రైతు అనుకుని ఎత్తబోయాను. ఓనరు నా చెయ్యి పక్కకు నెట్టి తానే ఎత్తాడు. ఎవరని అడగలేదు.

"చెప్పు అన్నా," అన్నాడు.