పడటాల గడిలో సున్నా

నేను విమానాలు నడపను. విమానాశ్రయం టవర్‌లో కూర్చుని, నడిపేవాళ్లకు ఎప్పుడు దిగాలో, ఎంత ఎత్తులో ఉండాలో మైకులో చెప్తాను. ఈ సంగతి వికారాబాద్‌లో మా వీధివాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. పక్కింటావిడ నన్ను అందరికీ ఎయిర్‌హోస్టెస్ అనే పరిచయం చేస్తుంది. వచ్చినవాళ్లు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మర్యాద కొద్దీ ఏమీ అనరు.

కాన్పు తర్వాత చాలా నెలలు ఇంట్లోనే ఉన్నాను. అన్నాళ్లు మైకు ముట్టనివాళ్లను మా నియమాలు నేరుగా కుర్చీలో కూర్చోనివ్వవు. కొన్ని వారాలు పక్కన ఒక సీనియర్ ఉండి కనిపెడతాడు, ఆ తర్వాత పరీక్ష పెడతారు. అన్ని వారాలూ నేను నగరంలో ఉండాలి, పది నెలల పాప తాండూరులో అత్తమ్మ దగ్గర ఉండాలి. ఉంచగలిగితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

ఇంకొకరైతే అత్తగారి పక్కన కూర్చుని మాట్లాడేవాళ్లు. నేను పట్టిక తయారు చేశాను.

మా పనిలో అన్నిటికీ లక్ష్యాలుంటాయి. ఏ విమానం ఎన్ని నిమిషాలు ఆలస్యమైంది, రెండు విమానాల మధ్య ఉండాల్సిన దూరం ఎక్కడైనా తగ్గిందా, అన్నీ రాసిపెడతాం. పైనుంచి తనిఖీవాళ్లు వచ్చి చూస్తారు. ఆ అలవాటుతోనే నాలుగు గడులు గీశాను. నిద్ర: మధ్యాహ్నం రెండు గంటలకు తగ్గకూడదు. తిండి: మెత్తటి పప్పన్నం పూటకు ఆరు చెంచాలు. ఏడుపు: అయిదు నిమిషాలకు మించకూడదు. పడటం: సున్నా. ఈ చివరి గడికి ఎర్ర స్కెచ్ పెన్ను వాడాను. అత్తమ్మ ఇంట్లో వాకిలి నుంచి వంటింటి దాకా బండలే. వీధి చివర బండల పాలిష్ మిల్లు ఉంటే ఇంకేం పరుస్తారు? ఆ బండల మీద గ్లాసు పడినా నాకు గుండె ఆగినంత పనవుతుంది.

ముందు ఒక వారం చూద్దామనుకున్నాం. పాప తాండూరులో, నేను వికారాబాద్‌లో. రోజూ సాయంత్రం అత్తమ్మ పట్టిక నింపి ఫోటో పంపాలి. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. పట్టికను గోడకు అంటించి కాసేపు చూసింది.

"మరి తుమ్ములకు గడి లేదేందే?"

వెక్కిరిస్తోందని నాకు తట్టలేదు. ఇంకో గడి గీయాలా అని నిజంగానే ఆలోచించాను.

నాలుగు రోజులు నాలుగు ఫోటోలు వచ్చాయి. రెండు గంటల నిద్ర, ఆరు చెంచాలు, అయిదు నిమిషాల లోపు ఏడుపు, పడటం సున్నా. నాలుగో రోజు ఫోన్ తీసుకెళ్లి మా ఆయన ముందు పెట్టాను. ఆయన బడి పంతులు, పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు.

"జూడు, అన్నీ టార్గెట్లనే ఉన్నయ్."

"మీ టవర్ల నెలంత ఒక్క తప్పు గూడ కాలేదని రాసిస్తే ఏమంటరు?"

"నమ్మరు. చెప్పకుంట తనిఖీకి వస్తరు."

"మరి?"

"మరేంది? మీ అమ్మ కదా రాసింది!"

ఆయన నవ్వి మళ్లీ ఎర్ర పెన్ను తీసుకున్నాడు. నేను మాత్రం ఆ మాట వదల్లేక మర్నాడు పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా, తాండూరు రైలెక్కాను.

పాప వాకిట్లో కూర్చుని చెంచాతో పళ్లెం వాయిస్తోంది. నన్ను చూసి వాయింపు పెంచింది. దిష్టి చుక్క ఎప్పుడూ బుగ్గ మీద పెసరగింజంత ఉంటుంది. ఆ రోజు నుదుటి పక్కన రేగుపండంత ఉంది. కొంగుతో తుడిచాను. కాటుక కింద నీలంగా కమిలిన బొప్పి కనిపించింది.

"అత్తమ్మా, ఇదేంది?"

ఆమె చేతిలోని చాట కింద పెట్టింది. "మొన్న గడప కాడ పడ్డది."

"మొన్ననా? గడిల జీరో ఉన్నది కదా!"

"జీరో ఉండాలె అన్నవ్. జీరో రాసిన."

"పడ్డదని నాకు చెప్పొద్దా?"

"చెప్తే ఏం జేస్తుంటివి? గా పొద్దటి రైలుకే వచ్చి పోరిని ఎత్కపోతుంటివి. ఇగ నౌకరి ఇడిసిపెడ్తుంటివి. గంత సదువు సదివి, నా గడప జెయ్యవట్టి ఇంట్ల కూసోవాల్నా? మొన్నటి సంది నాకు కన్ను మూతవడ్తలేదు. పోరి నిద్రకు గడి గీసినవ్ గని, నా నిద్రకు గీయకపోతివి."

రైల్లో కూర్చుని నేను తయారు చేసుకున్న కోపమంతా అక్కడే చల్లారింది. ఆమె మాత్రం ఆగలేదు.

"మీ మామ పొద్దుమూకి గొర్లను తోల్కొస్తే నేను ఎన్నొచ్చినయ్ అని అడగ. ఏది కుంటుతుందని అడుగుత. ముందుగాల గది చెప్తెనే పసుపు వెడ్తం. తిడ్తనని దాచిండనుకో, నాల్గు దినాలకు పుండైతది."

ఇది నేను చెప్పే పాఠం. కొత్తగా చేరినవాళ్లకు బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీసేదాన్ని: తప్పు ఒప్పుకున్నవాళ్లను తిడితే తప్పులు ఆగవు, ఒప్పుకోవడం ఆగుతుంది. దీనికి నాకు పన్నెండు స్లైడ్లు పట్టేవి. అత్తమ్మకు ఒక గొర్రె చాలింది.

ఇక దాచి లాభం లేదనిపించింది. "అత్తమ్మా, వికారాబాద్‌ల గూడ మంచం మీదికెల్లి పడ్డది. నా చేతుల ఫోనుండె."

"ఫోన్ల ఏం జూస్తున్నవ్?"

"పిల్లలు మంచం మీదికెల్లి పడకుంట ఏం జేయాలో సూస్తున్న."

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. "నా కొడుక్కు ఎర్కనా?"

"తెల్వదు. బొప్పి మీద పౌడర్ రాసిన."

"నాకన్న నువ్వే నయం, పౌడర్ కనవడది," అంది.

పట్టికను గోడ మీంచి పీకి, వెనకవైపు ఒకే ఒక గడి గీశాం. ఇవ్వాళ కుంటింది ఏది? లక్ష్యం లేదు, తిట్లు లేవు. అత్తమ్మ ఒక షరతు పెట్టింది: నా దగ్గర ఏమైందో నేనూ చెప్పాలి. ఒప్పుకున్నాను. పాపను అక్కడే వదిలి రైలెక్కి, వికారాబాద్ దాకా ఏడ్చాను. అయిదు నిమిషాల లక్ష్యం నాకైతే ఏనాడూ అందేది కాదు.

పనిలో చేరిన మొదటి రోజు. మేం ఫోన్లు బయట లాకరులో పెట్టి లోపలికి వెళ్లాలి. మొదటి విరామంలో తీసి చూస్తే ఏడు వాయిస్ మెసేజ్‌లు. పోరి చీమను నోట్లో పెట్టుకుంది, తీసిన. మీ మామ వద్దన్నా మజ్జిగ తాపిండు. గడప కాడ మళ్ల పడ్డది, ఈసారి ఇంకో దిక్కు, అది ఏడ్వలే, నేనే ఏడ్సిన.

వరండాలో నిలబడి పద్నాలుగు ప్రశ్నలు టైపు చేశాను. గడప ఎత్తు ఎంత అనేది కూడా అందులో ఉంది. అన్నీ చెరిపి రెండే పంపాను. వాంతి అయిందా, పాలు తాగిందా. వెంటనే జవాబొచ్చింది.

"కాలే. తాగింది. ఇగ నీ దిక్కు ఏమైందో చెప్పు."

అయింది. మేం చెప్పిన ఎత్తును పైలట్లు మాకు తిరిగి అప్పజెప్పాలి. ఒకాయన తప్పుగా అప్పజెప్పాడు, నాకు వినిపించి కూడా తట్టలేదు. పక్కనున్న సీనియర్ వెంటనే సరిచేశాడు. ప్రమాదమేమీ కాలేదు, కానీ ఎవరి పొరపాటు వాళ్లే ఫారంలో రాసివ్వాలి. మొదటి రోజే రాయాలంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. రేపు గుర్తు చేసుకుని రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఉన్నాను.

"ఒకటి కుంటింది అత్తమ్మా. పక్కనున్న సార్ పట్టుకున్నడు."

"పసుపు వెట్టిన్రా?"

"ఇంకా లేదు."

"మరి నాతోని ముచ్చట వెట్టుకుంట కూసుంటివేందే?"

ఇక తప్పదు. అత్తమ్మ చెవిన పడ్డాక సాయంత్రానికి తాండూరులో సగం మందికి తెలుస్తుంది, మా ఆఫీసుకు మాత్రం తెలియకపోతే బాగుండదు. ఫోన్ లాకరులో పెట్టి, ఫారం అడిగి తీసుకుని నింపాను. విరామం అయిపోయేలోపే వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.