ఎట్నా కడుపులో వెనేరా

వెనేరా ముప్పై ఏళ్లుగా ఎట్నా అగ్నిపర్వతం వాలులోని మా నికొలోసి ఊళ్లో రొట్టెలు కాలుస్తోంది. పొయ్యి సెగకు జంకదు, కొండ ఉరిమినా తలెత్తి చూడదు. మూసిన తలుపంటేనే ఆమెకు వణుకు. ఏడేళ్లప్పుడు, ఆమె లోపలుందని తెలియక ఎవరో వైన్ పీపాల గదికి తాళం వేసి పోయారు. సాయంత్రం దాకా చీకట్లో ఏడ్చింది. ఇప్పటికీ స్నానాల గదికి గడియ పెట్టదు.

ఆ ఆదివారం ఆమె ఆడపడుచు నున్సియాతా కతానియా పట్నం నుంచి వచ్చి, లావా గుహ చూద్దామంది. వెనేరా రానంది.

"చంటిపిల్లలు కూడా పోతున్నారే! నువ్వేమన్నా వెన్నముద్దవా?"

"దాని సంగతి తెలుసుగా అక్కా, వదిలెయ్," అన్నాడు భర్త ఒరాజియో. ఆ జాలి భరించలేకే వెనేరా కారెక్కింది.

దారి చూపే చిరీనో అందరికీ దీపాలున్న హెల్మెట్లు ఇచ్చాడు. లోపల చలి, నల్లటి గోడలు, పైనుంచి చుక్కలుగా నీళ్లు. ఒకచోట కప్పు బాగా కిందికి దిగింది. బోర్లా పాకాలి. వెనేరా భర్త బూట్లనే చూస్తూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ పాకింది. అవతల విశాలమైన గది. హమ్మయ్య అనుకునేలోగా కాళ్ల కింద నేల గుర్రుమంది. కప్పు నుంచి రాళ్లపొడి రాలింది.

"బయటికి! తోసుకోకండి!" అన్నాడు చిరీనో. అతను ముందు పాకాడు, వెనకే ఒరాజియో. నున్సియాతా సందులోకి సగం దూరి ఆగిపోయింది.

"పోవే వదినా!"

"నా వల్ల కాదే. కొండ మన మీద పడిపోతోంది!"

వెనేరాకు ఉన్న ఒకే దారి ఆ మనిషితో మూసుకుపోయింది. వెనక ఎవరూ లేరు, చీకటే. చొక్కా చెమటతో ఒంటికంటుకుంది.

"పాకుతావా, నీ మీంచి పాకమంటావా?" అని అరిచి, నున్సియాతా మడమలు పట్టి బలంగా నెట్టింది. నున్సియాతా తిట్టింది, ఏడ్చింది, చివరికి కదిలింది. ఆ పది గజాలూ తన కాలిని ఎవరో వెనక్కి లాగుతున్నట్టే ఉంది వెనేరాకు.

బయట ఎండలో అందరూ కూలబడ్డారు. కొండ మళ్లీ నిశ్శబ్దం.

"నన్ను తోసేశావు కదే, రాక్షసీ," అంటూనే నున్సియాతా ఆమె చెయ్యి వదల్లేదు.

వెనేరా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఇంటికి వెళ్లేదారిలో రెండుసార్లు కారాపించి, దిగి రోడ్డు పక్కన నిలబడింది. ఒరాజియో ఎందుకని అడగలేదు.