గండయ్య సున్నం గుంట

శామీర్‌పేట చెరువు కట్ట దాటి మేడ్చల్ దారి పడితే, కోళ్ల షెడ్డులో మనుషులను పడుకోబెట్టిన మొనగాడు కనిపిస్తాడు. ఈ భూమ్మీద అలాంటివాడు గండయ్య ఒక్కడే. కాదనేవాళ్లు ముందు భూమంతా తిరిగి రావాలి, తర్వాత వాదన పెట్టుకుందాం. కోళ్లున్న రోజుల్లో ఆ షెడ్డు ఎంత పొడుగంటే, ఈ చివర గడ్డం గీసుకుని మేత వేయడం మొదలుపెడితే ఆ చివరకు చేరేసరికి మళ్లీ గడ్డం పెరిగేదట. ఈ మాట గండయ్యే చెప్తాడు. ఆయన భార్య బాలనర్సమ్మ మాత్రం, "గీ మనిషి గడ్డం ఎన్నడు గీసుకున్నడని!" అంటుంది.

ఇప్పుడక్కడ కోళ్లు లేవు. గూళ్ల ఇనుప కడ్డీలను కోయించి, వెల్డింగ్ పెట్టించి, ఒకదాని మీద ఒకటిగా మంచాలు చేయించాడు గండయ్య. సెలవు రోజుల్లో పట్నం నుంచి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు, గుట్టల వెంట నడిచేవాళ్లు గుంపుగా దిగి, తిని, పడుకుని పోవడానికి. పరుపులు కుదిరాయి, వేడినీళ్లు కుదిరాయి, నాటుకోడి కూర సంగతి చెప్పనక్కర్లేదు. కుదరనివాడు అన్న జైపాల్ ఒక్కడే. ఆయనది ప్లాట్ల వ్యాపారం. షెడ్డున్న భూమి అన్నదమ్ములిద్దరిదీ; షెడ్డు కూల్చి ప్లాట్లు చేయాలని అన్న పట్టు.

"తమ్మీ, శనివారం అచ్చే గుంపు రాత్రుండి పోయిన్రా, నీ షెడ్డు జోలికి రాను," అన్నాడు జైపాల్. "గేటు కాడికెల్లే మర్లిపోయిన్రా, సోమారం జేసీబీ అస్తది. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకున్న," అన్నాడు గండయ్య.

శనివారం ఎండ వాలుతుండగా సైకిళ్లు వచ్చాయి. ముందు స్నిగ్ధ, ఆ గుంపును నడిపించే అమ్మాయి. అందరికన్నా వెనక భాస్కర్, పాతకాలపు ఇనుప సైకిలు తొక్కుతూ రొప్పుతున్న రిటైరైన పెద్దమనిషి. గేటు దగ్గర అందరూ ఆగారు. అడ్డంగా సున్నపునీళ్ల గుంట ఉంది.

కోళ్లఫారంలో అదే కట్టుబాటు. బయటి చక్రమైనా, బయటి కాలైనా అందులో మునిగాకే లోపలికి రావాలి. ఒకసారి మేత లారీ టైర్లకు అంటుకొచ్చిన రోగంతో షెడ్డులో కోళ్లన్నీ పడిపోయాయి. చచ్చిన కోళ్లను గండయ్య తన చేతులతోనే గోతిలో పోసి మట్టి కప్పాడు. ఆనాటి నుంచి గుంట ఎండనివ్వలేదు. దేవుడి రథమొచ్చినా ముంచాల్సిందే అంటాడు.

"గుంటలకెల్లి తోలుకరాండ్రి బిడ్డా, జల్దీ," అన్నాడు.

"సున్నం నీళ్లలోనా అంకుల్?" స్నిగ్ధ సైకిల్‌ను చంటిపిల్లలా దగ్గరికి లాక్కుంది. "చెయిన్ పాడైపోద్ది! దీన్ని నేను వానలో కూడా బయటికి తియ్యను."

"ముంచకుంటే రోగమస్తది."

"ఎవరికి?"

గండయ్య షెడ్డు వైపు చూశాడు. "కోళ్లకు."

"కోళ్లేవి?"

"లేవు."

"ఓ మనిషీ," బాలనర్సమ్మ వంటింటి నుంచి అరిచింది, "లేని కోళ్లకు రోగమేందయ్యా? రానియ్యి పిల్లలను!"

ప్రహరీ మీద కూర్చున్న జైపాల్ పల్లీలు ఒలుచుకుంటూ, "తొందరేం లేదు తమ్మీ, నిమ్మలంగ మాట్లాడుకోండ్రి," అన్నాడు.

"మేడ్చల్‌లో ఏదైనా లాడ్జి చూసుకుందామమ్మా," అన్నాడు భాస్కర్. స్నిగ్ధ సైకిలు వెనక్కి తిప్పింది.

'రాండ్రి' అంటే చాలు, షెడ్డు నిలుస్తుంది. ఆ ఒక్క మాట అనడానికి మాత్రం గండయ్యకు మనసు రాలేదు. గబగబా లుంగీ ఎగ్గట్టి, గుంటలోంచి నడిచి అవతలికి పోయి, స్నిగ్ధ సైకిలును భుజానికెత్తుకున్నాడు.

"చక్రం నేల ముట్టొద్దు, గంతే! నేనే మోస్త. ఎన్నడన్న ఏనుగొస్తె దాన్ని గూడ మోస్త!"

మోసుకెళ్లి, ఒకప్పుడు మేత డబ్బాలు వేలాడిన గొలుసులకు దాన్ని తగిలించాడు. గుంపు నోరు తెరిచి చూసింది. రెండోది మోశాడు. మూడోదానికి స్నిగ్ధ నవ్వాపుకోలేక బూట్లు విప్పి చేతపట్టుకుని గుంటలో కాలు పెట్టింది. ఆ వెనక అందరూ భుజాల మీద సైకిళ్లతో నడిచారు. మంచాల పైన సైకిళ్లు గబ్బిలాల్లా వేలాడాయి.

గేటు బయట మిగిలింది భాస్కర్, ఆయన ఇనుప సైకిలు. గండయ్య ఆ సైకిలును ఎత్తబోయి, నడుం పట్టేసి, గేటు పట్టుకుని వంగిపోయాడు.

"వద్దులే నాయనా," అన్నాడు భాస్కర్, "నేను వెళ్లిపోతా."

"మీరు పోతే మేమూ పోతాం అంకుల్," అంది స్నిగ్ధ లోపలి నుంచి.

జైపాల్ తమ్ముడిని చూశాడు. వంగినవాడు వంగే ఉన్నాడు, సైకిలు హ్యాండిల్ మాత్రం వదల్లేదు. పల్లీల పొట్టు దులుపుకుని ప్రహరీ దిగాడు. "ఎనకకు జరుగురా, మొండోడా!" అని సైకిలును భుజానికెత్తుకున్నాడు.

"అన్నా, బూట్లు గూడ మునగాలె!"

"మునుగుతున్నయ్ తియ్!"

తెల్లప్యాంటుతో, ఇనుప సైకిలుతో, బొజ్జతో జైపాల్ గుంట దాటి, గొలుసుకు సైకిలు తగిలించి, కింది మంచం మీద కూలబడ్డాడు. గండయ్య కుంటుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, మరి సోమారం?"

జైపాల్ తడిసిన బూట్ల వంక చూసుకున్నాడు.

"సోమారం సున్నం బస్తాలు పంపిస్త. గుంటల నీళ్లు మస్తు పల్చగైనయ్."