సైట్ చూడాలంటే కంకిపాడులో దింపారు

కూచిపూడి వెళ్లేవాళ్లు మామూలుగా నాట్యం కోసం వెళ్తారు. నేను వెళ్లింది దారి కోసం. హైదరాబాదులో లాయరుని. కట్టడాలు, కరెంటు ప్రాజెక్టుల దగ్గర కాంట్రాక్టర్లకీ, పని ఇచ్చిన కంపెనీలకీ వచ్చే తగవులే నా బతుకుతెరువు. విడాకుల కేసులు చూసే నా స్నేహితురాలు "నీ కేసుల్లో ఏడుపులుండవు, హాయి" అంటూ ఉంటుంది. ఆవిడ ఎప్పుడూ బిల్లు రాని కాంట్రాక్టరుతో ఫోన్లో మాట్లాడలేదు.

ఈసారి ఏడ్చినంత పని చేసినవారు నా క్లయింటు రత్తయ్య గారు. కూచిపూడి దాటాక పొలాల మధ్య సబ్‌స్టేషన్ కట్టే పని తీసుకున్న చిన్న కాంట్రాక్టరు. పని ఆలస్యమైంది. కంపెనీ ఆయన పేరు బ్లాక్ లిస్టులో పెడతానంటోంది. పెడితే ఆయనకు ఇక ఎక్కడా పని పుట్టదు. తగవంతా ఒక్క మాట మీద. "సైట్ అప్పగించాం కదా" అని కంపెనీ. "దారి లేకుండా అప్పగిస్తే నా లారీలు ఎగిరి వెళ్లాలా" అని రత్తయ్య గారు. కంపెనీ లాయరు మూర్తి గారు కాగితాల మీద తేల్చేశారు: సైట్ అంటే హద్దు రాళ్ల మధ్య నేల, అంతే. దారి వేరే సంగతి, అయినా దారి శుభ్రంగా ఉంది. కోర్టు బయట ఈ తగవు తీర్చడానికి ఇద్దరూ ఒప్పుకున్న రిటైర్డ్ జడ్జి గారికి విసుగొచ్చి, తానే వచ్చి చూస్తానన్నారు. పదకొండింటికి అందరూ అక్కడ ఉండాలి. రానివాళ్ల కోసం ఆగేది లేదని కూడా అన్నారు.

రాత్రి రైలెక్కి పొద్దున్నే బెజవాడలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని, రోజంతటికీ కారు మాట్లాడుకున్నాను. మూడు వేలు చెప్పాడు. బేరమాడితే మొహం చిన్నబుచ్చుకున్నాడు కాబట్టి ఒప్పేసుకున్నాను. డ్రైవరు పేరు నాగరాజు.

"ఎక్కడికండీ మేడం?"

"కూచిపూడి అవతల సైట్ చూడాలి. అవతలి పార్టీ కూడా వస్తోంది. వాళ్లకన్నా ముందు మనం ఉండాలి."

నాగరాజు అద్దంలోంచి నన్ను చాలా గౌరవంగా చూశాడు. "మీరు నిశ్చింతగా కూర్చోండి మేడం. పార్టీ సంగతి నేను చూసుకుంటానుగా."

మా వృత్తిలో సైట్ అంటే పని జరిగే చోటు, పార్టీ అంటే కేసులో ఒక పక్షం. బందరు రోడ్డు మీద సైట్ అంటే ఇళ్ల స్థలం, పార్టీ అంటే దాన్ని కొనే మనిషి. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. నేను ఫైల్లో తల దూర్చాను. నాగరాజు ఫోన్లో "బావా, మంచి పార్టీ" అనడం వినపడింది కానీ, ఏవో రాజకీయాలు మాట్లాడుతున్నాడనుకున్నాను.

కారు ఆగింది. తలెత్తితే కంకిపాడు పొలాల్లో రంగు జెండాలు, షామియానా. నాగరాజు బావ ఎదురొచ్చి మజ్జిగ గ్లాసు నా చేతిలో పెట్టాడు.

"ఇది సబ్‌స్టేషన్ కాదు కదా?" అన్నాను.

"సబ్‌స్టేషన్ పక్కనే వస్తుందండీ. కరెంటుకి లోటుండదు. ఈస్టు ఫేసింగ్ కావాలాండీ?"

నాకు కోపం నషాళానికంటింది. నాగరాజు మాత్రం ఏమాత్రం తొణకలేదు. "కూచిపూడి దాకా ఎందుకు మేడం, అంతకన్నా మంచిది ఇక్కడుంటే? ఊరికే చూడ్డానికేం, కళ్లు అరిగిపోతాయా?" అని, రోడ్డు వైపు చూసి ఒక్కసారి గొంతు తగ్గించాడు. "మేడం, అవతలి పార్టీ వచ్చేసింది! తొందరగా టోకెన్ అడ్వాన్సు ఇచ్చెయ్యండి!"

రెండో కారులోంచి మూర్తి గారు దిగారు. నల్ల కోటు, అద్దంలా మెరిసే బూట్లు.

"మీరిక్కడికెలా వచ్చారండీ?"

"స్టేషన్ దగ్గర్నుంచీ మీ వెనకాలేనండీ. మా డ్రైవరుకి అక్కడికి దారి తెలీదన్నాడు. మీకైతే తెలుస్తుంది కదా, మీ వెనకే పోనిమ్మన్నాను."

దారి శుభ్రంగా ఉందని పేజీలకు పేజీలు రాసిన మనిషి! ఆయనకు అదేమీ పట్టినట్టు లేదు. మజ్జిగ తీసుకుని, చుట్టూ చూసి, మీసం తుడుచుకుని నాగరాజు బావను అడిగారు.

"లోపల రోడ్లు ఎన్ని అడుగులండీ?"

"నలభై సార్."

"అది చూసుకోవాలండీ ముందు. దారి లేకపోతే సైట్ తీసుకుని ఏం చేసుకుంటాం?"

నాకు మజ్జిగ పొలమారింది. "ఆ మాట ఇంకోసారి అనండి మూర్తి గారూ."

ఆయన గ్లాసు దించేశారు. "ఇది వేరే సందర్భమండీ. దీన్ని రికార్డులోకి లాగకూడదు."

అప్పుడు గడియారం చూసుకున్నాం ఇద్దరం. ఉయ్యూరు, పామర్రు ఎలా దాటామో నాకు గుర్తులేదు. పామర్రులో బందరు రోడ్డు వదిలి కుడివైపు తిరగాలి. కూచిపూడి దాటి, తారు రోడ్డు అయిపోయిన చోటికి పదకొండుకి ఊపిరి బిగబట్టి చేరాం. జడ్జి గారు అప్పటికే కారు దిగి నిలబడ్డారు. ఆయనకు గొడుగు పట్టుకుని రత్తయ్య గారు. ముందు రోజు వాన పడిందట. వరి చేల అవతల సబ్‌స్టేషన్ ఇనుప స్తంభాలు కనబడుతూనే ఉన్నాయి. మాకూ వాటికీ మధ్య నల్లటి గట్టు.

"మూర్తి గారూ, మీరు రాసిన దారి ఎటండీ?" అన్నారు జడ్జి గారు.

"ఇటేనండీ" అని మూర్తి గారు హుందాగా గట్టు మీదికి నడిచారు. మొదటి అడుగుకు ఒక బూటు బురదలోనే ఉండిపోయింది. రెండో అడుగుకు ఆయన మోకాలి దాకా దిగిపోయి చేతులు ఊపారు. "ఏవండీ, ఎవరన్నా చెయ్యివ్వండి! సైట్‌కి మనిషి నడిచే దారి కూడా లేదిక్కడ!"

జడ్జి గారు జేబులోంచి పెన్ను తీశారు. "ఆఖరి వాక్యం మళ్లీ చెప్తారా?"

ముందుగా కదిలింది రత్తయ్య గారే. గొడుగు నాకిచ్చి, పంచె ఎగ్గట్టి బురదలోకి దిగి, మూర్తి గారి చంకల కింద చేతులు వేసి పైకి లాగారు. "నా లారీలు కూడా ఇలాగే దిగిపోయాయండీ" అన్నారు మెల్లగా. "వాటికి నోరు లేదు, అంతే."

తీర్పు తర్వాత వచ్చింది. బ్లాక్ లిస్టులో రత్తయ్య గారి పేరు లేదు. ఒక్క మాటకు అర్థం తేల్చడానికి మేమిద్దరు లాయర్లం రాసిన కాగితాలు ఆ గట్టు మీద పరిస్తే దారి అయ్యేదేమో అనిపిస్తుంది ఇప్పటికీ. మూర్తి గారి మీద కోపం ఆ రోజే పోయింది. బురదలో ఒంటి బూటుతో నిలబడ్డ మనిషి మీద ఎంతసేపు కోపం ఉంటుంది? నాగరాజు మాత్రం మొన్న ఫోన్ చేసి నా మీద నిష్ఠూరమాడాడు: "చూశారా మేడం, చెప్తే విన్నారు కారు. ఆ కంకిపాడు ఈస్టు ఫేసింగ్ అవతలి పార్టీ కొనేశాడు."

మీరూ ఆ వైపు పని మీద వెళ్తుంటే ఒక్క జాగ్రత్త: డ్రైవరుకి ఊరి పేరు చెప్పండి, చేరాల్సిన చోటు పేరు చెప్పండి. సైట్ అని మాత్రం అనకండి.