అవ్వ అడగని పేర్లు

గద్వాలలో చీరలు కొనడానికి వచ్చి, లాడ్జి కౌంటర్ ముందు అరగంటగా నిలబడ్డాను. ఆధార్ జిరాక్స్ ఇచ్చాను, ఫోన్ నంబర్ చెప్పాను. గుమాస్తా ఇంకా వదల్లేదు.

"ఇంటిపేరు ఏంది మేడం? ఇందుల ఒక్క అక్షరమే ఉంది. ఇంతకు మీరేమిటోళ్లు?"

గది అడిగితే కులమెందుకు? విసుగ్గా చూపు తిప్పితే, అతని పక్కన రాగిచెంబు కనిపించింది.

నా చిన్నప్పుడు మల్దకల్ దారిలో ఉండేది మా ఇల్లు. గుడికి నడిచిపోయేవాళ్లు, ఎడ్లు కొనబోయేవాళ్లు మా అరుగు మీదే మూటలు దించేవారు. అవ్వ వాళ్లకు అలాంటి చెంబుతోనే నీళ్లిచ్చి, నా బొంత పరిచేది. పేరు మాత్రం అడిగేది కాదు. తెలిసినవాళ్లనే కదా పేరు అడగం, అందుకని వాళ్లంతా మా చుట్టాలే అనుకున్నాను. ఇంతమంది చుట్టాలేమిటని ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం నా బొంత మీద కూర్చున్న ముసలాయనను అడిగేశాను.

"నీ పేరేంది? మాకేమైతవ్?"

ఆయన చెంబు నోటిదాకా ఎత్తినవాడు, తాగకుండానే కింద పెట్టి మూట అందుకున్నాడు.

అవ్వ పరుగున వచ్చింది. "తాగయ్యా. పిల్ల తెల్వక అడిగింది." ఆయన తాగాక నన్ను లోపలికి లాక్కెళ్లింది. "పేరడిగితే కులం తెలుస్తది. తెలిస్తే చెంబు మార్చాలె. నాకొద్దు గా పని."

మా ఇంట్లో రెండో చెంబు లేదు కాబోలు అనుకున్నాను.

గుమాస్తా ఇంకా నా మొహమే చూస్తున్నాడు. దాహంగా ఉంది, కాసిని నీళ్లిమ్మన్నాను.

"ఇస్త మేడం," అన్నాడు, చెంబు మీద చేయి వేసి. "ఏమిటోళ్లో చెప్పకపోతిరి."