కుడివైపు వెన్న, ఎడమవైపు రేకు

రెండు రోజులుగా సుభాష్‌పల్లి వైపు సైకిలు పోనివ్వట్లేదు నేను. ఎదురుగా తపన్‌దా కనబడితే ముఖం ఎక్కడ పెట్టుకోను? ఏం వెలగబెట్టానో చెప్తాను, టీ మీద పోసుకునేలా నవ్వకండి మరి!

మన ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీవాళ్ల నాటకానికి మ్యూజిక్ నాదే కదా. నా సింథసైజర్‌ని నేరుగా టేప్‌డెక్‌కి తగిలిస్తే సౌండు పీలగా వస్తోంది, వెనకాల ఒకటే బుస్సు. మధ్యలో ప్రీయాంప్ ఉండాలి, అంటే సౌండుకి కాస్త బలం పోసే డబ్బా. సుభాష్‌పల్లిలో రేడియోలు బాగుచేసే మన బెంగాలీ తపన్‌దా నెల్లాళ్లు కూర్చుని ఒకటి చేసిచ్చాడు. పదేళ్ల స్నేహం మాది, దాదా అనే పిలుస్తాను. ఈలోగా కలకత్తా ఆర్కెస్ట్రాలో వాయించే మా బావమరిది ఫారిన్‌ది ఒకటి తెచ్చి, వాడి చూడమన్నాడు. ఏది ఉంచుకోవాలో తేల్చాల్సింది నేను. నాటకం పాడవకూడదు, దాదా మనసూ విరగకూడదు. సాయంత్రం ఐదింటికి దాదా, డైరెక్టర్ అప్పారావు మాస్టారు వచ్చి వింటామన్నారు.

పొద్దున్నుంచీ నాకు కాలు నిలవదు. రెండు డబ్బాల వైర్లూ ఒక స్విచ్‌కి తెచ్చాను. ఎడమకి తిప్పితే దాదాది, కుడికి తిప్పితే ఫారిన్‌ది. తిప్పడం, రికార్డు చేయడం, వినడం. లేవడం, కూర్చోవడం. ఎన్నిసార్లు విన్నా ఎడమదే బాగుంది! అదెలా కుదురుతుంది? ఫారిన్ డబ్బా కంటే సుభాష్‌పల్లి డబ్బా బాగుండడమేంటి? తేడా వైర్లదేమోనని, స్విచ్ దగ్గర రెండూ పీకి అటుది ఇటు, ఇటుది అటు పెట్టాను.

అప్పుడే మా ఆవిడ రత్నం కేకేసింది. "ఏటండీ, అన్నం సల్లారిపోతంది. ఆ కుయ్యి కుయ్యి తర్వాత సూసుకోండి!"

తిని వచ్చి స్విచ్ తిప్పాను. అబ్బ! కుడిది వెన్న! ఎడమది రేకు!

"సూసినావా రత్నం? ఇందాకా ఆకలికి నా సెవులు పనిసెయ్యలేదు!"

"ఇప్పుడు నిద్రకి సెయ్యవు," అంది.

ఐదింటికి ఇద్దరూ వచ్చారు. గుండె రాయి చేసుకున్నాను. "దాదా, ఏటీ అనుకోకు. ఎడమది నీది. రేకు డబ్బాలో గులకరాళ్లేసినట్టు లేదూ? ఇప్పుడీ కుడిది ఇను. ఫారిన్ అంటే ఇదీ!"

మాస్టారు తలూపి, "నిజమేనయ్యా, తేడా తెలుస్తోంది" అన్నారు. దాదా ముఖం వాడిపోయింది. నాకూ మనసు చివుక్కుమంది. అయినా ఊరుకున్నానా? కళ దగ్గర మొహమాటం పనికిరాదంటూ ఇంకో లెక్చరు కూడా ఇచ్చాను!

దాదా వంగి, కుడివైపు వైరుని పట్టుకుని, బల్లకింద నుంచి వేలు జరుపుకుంటూ వెళ్లాడు. వేలు తన డబ్బా దగ్గర ఆగింది.

"ఎటా తో ఆమార్ బాక్షో! సూరిబాబూ, ఈ వెన్న నాది!"

పీకి మార్చిన వైర్లు మళ్లీ మార్చనే లేదు నేను! ఆ క్షణాన భూమిలోకి దిగిపోవాలనిపించింది. దాదా మాత్రం ఫారిన్ డబ్బా వైపు జాలిగా చూసి, "వాపస్ ఇచ్చే ముందు నాకివ్వు. కొంచెం ఠీక్ చేస్తా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

నా ఉద్యోగం ఏంటో మీకు తెలుసు కదా, రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌ని. ఒక్క వైరు పీకాలన్నా స్టేషన్ మాస్టరుకి రాసిచ్చి పీకాలి. మళ్లీ పెట్టాక టెస్ట్ చేసి, సరిగ్గా ఉందని రాసివ్వాలి. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు. నా ఇంట్లో నాకు నేను ఒక చీటీ రాసుకోలేకపోయాను!

మాస్టారు చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగారు. "సూరిబాబూ, రేపు నేను విజయనగరం బండెక్కాలి. నీ డ్యూటీ ఎన్నింటిదాకా?"

"రెండింటిదాకా మాస్టారూ."

"అయితే సాయంత్రం బండికి వెళ్తాలే."

"అదే మంచిది మాస్టారూ" అన్నాను.